ఊట నుంచి ట్యాంకు దాకా: పైపులో కనిపించకుండా పోయిన నీటి లెక్క

డిసెంబరు 6

పాడేరు కొండల్లో, కాఫీ తోటల మధ్య ఉన్న ఒక చిన్న గూడేనికి కొండ ఊట నుంచి పైపు ద్వారా నీళ్లు వస్తున్నాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ఊట ఎత్తున ఉంది, గూడెం పల్లంలో ఉంది, ఆ తేడాయే నీటిని నడిపించాలి. ఊరిలో 58 గడపలు, సుమారు 240 మంది ఉన్నారు. మనిషికి రోజుకు 55 లీటర్లు అనే జల జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం ఈ ఊరికి రోజుకు 13,200 లీటర్లు కావాలి. ఊట దగ్గర 20 లీటర్ల బకెట్టు 18 సెకన్లలో నిండుతోంది కనుక సెకనుకు 1.1 లీటర్లు పుడుతున్నాయి. ఊట తొట్టి మీద నుంచి నీరు పొర్లి గెడ్డలోకి, అంటే పక్కనున్న కొండ వాగులోకి పోతూనే ఉంది. అయినా ట్యాంకు దగ్గర అదే బకెట్టు నిండడానికి 46 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 0.435 లీటర్లు మాత్రమే వస్తున్నాయి. మూడేళ్ల కిందట పైపు వేసిన కొత్తలో ధార ఇంతకు రెట్టింపు ఉండేదని నీటి కమిటీలోని వారందరూ చెబుతున్నారు.

పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి నల్లబల్ల మీద నేను చెబుతున్న పాఠం ఇక్కడ నేల మీద పరచుకొని ఉంది. ఎంత నీరు రావాలి, ఎంత వస్తోంది, మధ్యలో ఉన్న శక్తి ఎక్కడ ఖర్చవుతోంది అనే మూడు ప్రశ్నలకు అంకెలతో జవాబు రాబట్టాలన్నది ఈ డైరీ ఉద్దేశం.

డిసెంబరు 7

ఈ రోజంతా లెవెల్ తీయడంతోనే గడిచింది. ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్, దానితో చూసే కొలత కర్ర (స్టాఫ్) పట్టుకొని, పైపు పోయిన దారి వెంట ఇద్దరు కుర్రవాళ్ల సాయంతో నడిచాము. కాఫీ పళ్లు కోసే రోజులు కావడంతో సిల్వర్ ఓక్ చెట్ల కింద మనుషులు తిరుగుతున్నారు; పైపు ఎక్కడ మట్టిలోకి దిగిందో, ఎక్కడ పైకి తేలిందో నా దగ్గరున్న కాగితం కంటే వారే కచ్చితంగా చూపించారు.

ఊట తొట్టిలోని నీటి మట్టాన్ని సున్నాగా తీసుకొని రాసుకున్న కొలతలు ఇవి. 310 మీటర్ల దూరంలో పైపు గెడ్డ దాటే చోట 19.0 మీటర్లు కిందికి దిగింది. అక్కడి నుంచి ఎక్కి, 560 మీటర్ల దగ్గర మొదటి మిట్ట మీద 8.4 మీటర్ల లోతులో ఉంది. మళ్లీ దిగి 790 దగ్గర 17.5 మీటర్లకు చేరి, 1,010 దగ్గర రెండవ మిట్ట మీద 13.0కు ఎక్కి, 1,270 దగ్గర పొలాల్లో 19.8కి దిగి, చివరకు 1,480 మీటర్ల దూరంలో ట్యాంకు మూతి దగ్గర 16.4 మీటర్ల వద్ద ముగిసింది. ఇందులో ఎగుడుదిగుళ్లు ఎన్ని ఉన్నా, నీటికి దక్కే మొత్తం ఆస్తి ఊటకూ ట్యాంకుకూ మధ్యనున్న 16.4 మీటర్లే. బెర్నూలీ 1738లో చెప్పిన సూత్రాన్ని ఇంజనీర్లు మీటర్లలోకి మార్చుకున్న తీరు ఇలాంటి చోటనే ఎంతో అక్కరకు వస్తుంది: ఎత్తు, పీడనం, వేగం మూడింటినీ నీటి ఎత్తుగానే కొలిస్తే, పోయిన శక్తి కూడా మీటర్లలోనే తేలుతుంది.

పైపు 50 మిల్లీమీటర్ల బయటి వ్యాసం గల నల్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు. వంద మీటర్ల చుట్టలుగా తెచ్చి, కప్లింగులతో కలిపారు. పంచాయతీ గదిలో మిగిలిపోయిన ఒక ముక్క లోపలి వ్యాసం కాలిపర్స్‌తో కొలిస్తే 44 మిల్లీమీటర్లు వచ్చింది.

డిసెంబరు 8

రాత్రి లాంతరు దగ్గర కూర్చొని లెక్క చేశాను. డార్సీ, వైస్‌బాఖ్ సమీకరణం చెప్పేది మాటల్లో ఇది: పైపు పొడవును వ్యాసంతో భాగించి, దానిని ఘర్షణ గుణకంతోనూ, వేగపు ఎత్తుతోనూ గుణిస్తే రాపిడి వల్ల పోయే ఎత్తు వస్తుంది. వేగపు ఎత్తు అంటే వేగం వర్గాన్ని 19.62తో, అంటే గురుత్వ త్వరణం 9.81కి రెట్టింపుతో భాగించగా వచ్చేది. హెన్రీ డార్సీ ఈ పని చేసింది కూడా ఊట నీటి కోసమేనని విద్యార్థులకు తప్పకుండా చెబుతుంటాను. ఫ్రాన్సులోని దిజోన్ నగరానికి ఆయన 1840లో 12 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఒక ఊట నీటిని పల్లం వాలుతోనే తెచ్చి, ఆ తర్వాత పైపుల మీద ప్రయోగాలు చేశాడు.

చిక్కు అంతా ఘర్షణ గుణకంలో ఉంది. అది వేగాన్ని బట్టి మారుతుంది, వేగమేమో గుణకం తెలిస్తే గాని తేలదు. కనుక ఒక అంచనాతో మొదలుపెట్టి రెండు మూడు సార్లు తిప్పి తిప్పి చేయాలి. గుణకానికి స్వామీ, జైన్ అనే భారతీయ ఇంజనీర్లు 1976లో ఇచ్చిన సూత్రాన్ని వాడాను. ఇదే గుణకానికి వాడే పాత కోల్‌బ్రూక్ సమీకరణంలా అది లోపల లోపలే చుట్టుకుపోదు, మామూలు కాలిక్యులేటర్ చాలు. నీటి వేడి 20 డిగ్రీలు, పైపు లోపలి గరుకు 0.0015 మిల్లీమీటర్లు అనుకొని చేస్తే, ప్రవాహం ఎంత సుడులు తిరుగుతోందో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 27,000 దాటింది, గుణకం 0.024 వచ్చింది. కప్లింగులు, వంపులు, పైపు మూతి, వాల్వు అన్నీ కలిపి చిన్న నష్టాల గుణకాన్ని 10గా తీసుకున్నాను. ఇంత పొడవైన లైనులో వాటి వాటా పావు మీటరు కూడా కాలేదు. వేగం సెకనుకు 0.63 మీటర్లు, ప్రవాహం సెకనుకు 0.95 లీటర్లు అని తేలింది. అంటే బకెట్టు 21 సెకన్లలో నిండాలి. రాపిడి నష్టానికే ఉన్న మరో సూత్రం, హేజెన్, విలియమ్స్ సూత్రంతో, పైపు నునుపు గుణకం 145 పెట్టి సరిచూస్తే ఆ ప్రవాహానికి 16.2 మీటర్ల నష్టం వచ్చింది. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి కనుక లెక్కలో పెద్ద పొరపాటు లేదని నమ్మకం కుదిరింది.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగవేయాలి. వస్తున్న 0.435 లీటర్లకు వేగం 0.286 మీటర్లు మాత్రమే, గుణకం 0.029కి పెరిగినా మొత్తం నష్టం 4.1 మీటర్లు దాటదు. ఉన్న ఎత్తు 16.4. మిగిలిన 12.3 మీటర్లు ఎక్కడికి పోయినట్టు?

డిసెంబరు 13

పన్నెండు మీటర్ల నష్టం అంటే చిన్న విషయం కాదు. మనసులోకి వచ్చిన అనుమానాలు మూడు: ఎక్కడో పైపు నలిగి ఉండవచ్చు, లోపల చెత్త అడ్డుపడి ఉండవచ్చు, ఏదో వాల్వు సగం మూసుకొని ఉండవచ్చు. దారిలో నీరు కారిపోతున్నదేమో అని మొత్తం లైను వెంట నడిచి చూశాము. ఎక్కడా తడి లేదు. ఏ చోట తవ్వాలో తెలియకుండా ఒకటిన్నర కిలోమీటర్ల పైపును బయటికి తీయలేము, కాపు మీద ఉన్న కాఫీ మొక్కల వేర్లు కోయనూలేము.

అందుకని తవ్వకానికి ముందు ఒక పరీక్ష పెట్టాలనుకున్నాను. రాపిడి నష్టమైనా, అడ్డు నష్టమైనా నీరు కదిలినప్పుడే పుడుతుంది. ప్రవాహం సగమైతే ఆ నష్టం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది, ప్రవాహం ఆగితే పూర్తిగా మాయమవుతుంది. కనుక ట్యాంకు దగ్గర వాల్వు పూర్తిగా మూసి, దాని ముందు ప్రెషర్ గేజి పెడితే, పైపులో ఎంత చెత్త ఉన్నా, ఎక్కడ నలిగి ఉన్నా, గేజి మాత్రం నిండు 16.4 మీటర్లు చూపించి తీరాలి. పది మీటర్ల నీటి ఎత్తు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనంతో సుమారు సమానం కనుక ముల్లు 1.64 దగ్గర నిలవాలి.

వాల్వు మూశాము. ముల్లు మెల్లగా లేచి 0.7 దగ్గర ఆగింది. పది నిమిషాలు చూశాము. కదలలేదు.

గేజిని అనుమానించి, ఊరిలోని ట్యాంకు కిందికి తీసుకెళ్లి, తెలిసిన నీటి ఎత్తు దగ్గర సరిచూశాను. గేజి సరిగానే ఉంది. అయితే నీరు ఒక్క చుక్క కదలకపోయినా 9 మీటర్లకు పైగా ఎత్తు తగ్గి ఉంది. రాపిడి చేయలేని పని ఇది. ఏ అడ్డుకూ సాధ్యం కాదు.

మేము గేజి చుట్టూ నిలబడి ఉండగా, కట్టెల మోపు దించి చూస్తున్న ఒక పెద్దాయన, "గాలి పట్టీసింది బాబూ. వేసవి పోయినప్పటి నుంచీ కుళాయి దగ్గుతోంది" అన్నాడు. ఆయన మొదటి రోజునే ఈ మాట కమిటీ వారితో అన్నాడని తర్వాత తెలిసింది. ఆ మాట నేను మొదటి రోజునే అడిగి తెలుసుకోవలసింది.

డిసెంబరు 14

నిన్నటి ముల్లు చెప్పిన సంగతిని కాగితం మీద గీసుకుంటే అంతా విడిపోయింది. పైపు మిట్ట ఎక్కి దిగేటప్పుడు, శిఖరం దగ్గర చేరిన గాలి నీటి తోపుడుకు దిగువ వాలులోకి జారుతుంది. అక్కడ నీరు పైపు నిండా పారదు. అడుగున సన్నని కాలువలా జారుతుంది, పైనంతా గాలి. గాలికి బరువు లేనట్టే కనుక ఆ వాలులో పైనా కిందా పీడనం ఒకటే. అంటే ఆ నీరు అంత ఎత్తు దిగినా, దిగినందుకు రావలసిన పీడనం రాదు. గాలి నిలిచిన వాలు నిలువు ఎత్తు ఎంతో, నష్టం సరిగ్గా అంత. ప్రవాహం ఉన్నా లేకున్నా ఆ నష్టం ఉంటుంది.

మన లైనులో మొదటి మిట్ట దిగువన 9.1 మీటర్ల వాలు ఉంది, రెండవ మిట్ట దిగువన 6.8 మీటర్ల వాలు ఉంది. రెండూ కలిపితే 15.9. ఈ రెండు వాలులూ గాలితో పూర్తిగా నిండిపోయి ఉంటే మిగిలేది అర మీటరు. ఊరికి నీళ్లు దాదాపు ఆగిపోయి ఉండేవి.

నీరు పారుతున్నప్పుడు 12 మీటర్ల లోటు, ఆపినప్పుడు 9 మీటర్ల లోటు ఎందుకు వచ్చాయన్నది కొంతసేపు తికమకపెట్టింది. వాల్వు మూయగానే పైపు అంతటా పీడనం పెరిగి, పట్టుబడిన గాలి నలిగి చిన్నదవుతుంది. నలిగిన మేరకు లోటు తగ్గుతుంది. పీడనం పెరిగిన కొద్దీ గాలి పరిమాణం తగ్గుతుందనే బాయిల్ సూత్రంతో ఒక్కొక్క మిట్టకూ లెక్క కడితే ఈ తేడాలో చాలా భాగం దీనితోనే తేలింది. అంతా తేలలేదు, పారుతున్నప్పుడు మాత్రమే కనిపించే నష్టం మరొకటి, సుమారు ఒక మీటరు, ఇందులో దాగి ఉన్నట్టుంది. దాని పని తర్వాత.

నీరే ఆ గాలిని ఎందుకు నెట్టుకుపోదన్న ప్రశ్నకు కూడా జవాబు ఉంది. పైపు వ్యాసాన్ని 9.81తో గుణించి వర్గమూలం తీస్తే ఈ పైపుకు సెకనుకు 0.66 మీటర్లు వస్తుంది. వేగం దాని దరిదాపులకైనా చేరకపోతే వాలులోని బుడగ ఎదురీది పైకే వస్తుంది. మన వేగం 0.29. గాలి వల్ల వేగం తగ్గింది, వేగం తగ్గడం వల్ల గాలి కదలడం లేదు. ఒకదానికొకటి కాపలా కాస్తున్నాయి.

డిసెంబరు 20

రెండు మిట్టల మీద పైపుకు శాడిల్ క్లాంపు (పైపును చుట్టి పట్టే పట్టీ) బిగించి, అర అంగుళం బాల్ వాల్వు పెట్టాలని నిర్ణయించాము. పెట్టే ముందు ఒక సంగతి సరిచూడక తప్పదు. నీరు నిండుగా పారుతున్నప్పుడు మిట్ట దగ్గర పైపులో పీడనం బయటి గాలి కంటే ఎక్కువగా ఉండాలి. తక్కువైతే తెరిచిన వాల్వు గాలిని బయటికి వదలడానికి బదులు లోపలికి పీల్చుకుంటుంది. 16.4 మీటర్లు 1,480 మీటర్ల పొడవునా సమంగా ఖర్చవుతాయనుకుంటే, మొదటి మిట్ట దగ్గరికి వచ్చేసరికి 6.2 మీటర్లు ఖర్చవుతాయి; పైపు 8.4 లోతున ఉంది కనుక 2.2 మీటర్ల పీడనం మిగులుతుంది. రెండవ మిట్ట దగ్గర 11.2 ఖర్చు, 13.0 లోతు, 1.8 మిగులు. రెండూ సరిపోయాయి.

మొదటి మిట్ట దగ్గర రంధ్రం చేసి వాల్వు తిప్పగానే ప్రెషర్ కుక్కర్ విజిల్ లాగా సన్నని ఈల మొదలైంది. కాఫీ కోస్తున్న ఆడవాళ్లు బుట్టలు వదిలి వచ్చి చూశారు. ఆ ఈల చాలాసేపు సాగింది. మధ్యలో రెండు సార్లు ఆగి, పైపు లోపల గుడగుడమని చప్పుడై, మళ్లీ మొదలైంది. చివరకు తుప్పు రంగు నీరు తుంపరగా చిమ్మి, తర్వాత తేటగా వచ్చింది. వాల్వు కట్టేసి కిందికి దిగి బకెట్టు పెడితే 28 సెకన్లు. రెండవ మిట్ట దగ్గరా అదే పని చేశాక 24 సెకన్లు. ట్యాంకు దగ్గర వాల్వు మూసి చూస్తే గేజి ముల్లు 1.64 దగ్గర నిలిచింది. వారం రోజులుగా ఎదురుచూసిన అంకె అది.

డిసెంబరు 21

24 సెకన్లంటే సెకనుకు 0.83 లీటర్లు. ఆ ప్రవాహానికి లెక్క ప్రకారం పోవలసింది 12.9 మీటర్లు. ఇంకా 3.5 మీటర్ల లోటు ఉంది. అయితే ఈ లోటు మొదటిదాని జాతి కాదు. నీరు ఆపితే గేజి నిండుగా చూపిస్తోంది. కనుక ఇది ప్రవాహంతో పాటు పుట్టే నష్టమే.

నిర్ధారణ కోసం ట్యాంకు దగ్గర వాల్వును కొంత బిగించి, బకెట్టు 40 సెకన్లలో నిండేలా చేశాను. సెకనుకు అర లీటరు. గేజి 0.98 చూపించింది. లైను రాపిడి లెక్క ప్రకారం 5.3 మీటర్లు, మొత్తం 16.4లో నుంచి ఈ రెండూ తీసేస్తే లోటు 1.3 మీటర్లు. ప్రవాహం 0.6 వంతుకు తగ్గితే లోటు 0.36 వంతుకు తగ్గాలి, 3.5లో 0.36 వంతు 1.26. ఇంత శుభ్రంగా వర్గ సూత్రాన్ని పాటిస్తున్నదంటే ఎక్కడో నీరు ఇరుకు సందులో నుంచి దూరుతున్నదన్న మాట. తవ్వకుండా చేరగల ఇరుకు ఒక్కటే ఉంది. ఊట తొట్టి లోపల పైపు మూతికి కట్టిన జల్లెడ.

పైకి వెళ్లి చేయి పెట్టి చూస్తే, జల్లెడ చుట్టూ నాచు, కుళ్లిన ఆకు ఈనెలు దళసరి గుడ్డలా అతుక్కొని ఉన్నాయి. గోళ్లతో గీకితే పొరలు పొరలుగా ఊడివచ్చాయి. కడిగి, చుట్టూ గులకరాళ్లు పేర్చి దిగాము. బకెట్టు 22 సెకన్లలో నిండింది.

జనవరి 10

లెక్క 21 అంటోంది, బకెట్టు 22 అంటోంది. ఊరి వారి దృష్టిలో పని ఎప్పుడో పూర్తయింది. నాకు మాత్రం ఆ ఒక్క సెకను వెనుక ఉన్న 1.4 మీటర్ల లోటు తేలకుండా పుస్తకం మూయబుద్ధి కాలేదు. శాడిల్ పెట్టేటప్పుడు పైపులో నుంచి కోసిన బిళ్లల మందం కొలిస్తే లోపలి వ్యాసం 44 కాదు, 43.2 దగ్గర ఉండాలని తేలింది. పంచాయతీ గదిలోని ముక్క వేరే చుట్టది. రాపిడి నష్టం వ్యాసపు అయిదవ ఘాతానికి కాస్త తక్కువగా, విలోమంగా మారుతుంది కనుక 0.8 మిల్లీమీటర్ల తేడాకే నష్టం 9 శాతం పెరుగుతుంది. 15.0 కాస్తా 16.4 అయింది. గరుకు విలువ గురించి, ఉష్ణోగ్రత గురించి ఎంత తర్జనభర్జన పడినా, లోపలి వ్యాసం సరిగ్గా కొలవకపోతే అదంతా వృథా. ఇకపై ప్రతి చుట్ట చివరనా కొలిచి రాసుకోవాలి.

ఏప్రిల్ 4

గాలి తీశాము సరే, అసలు గాలి ఎలా చొరబడిందన్న ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. దాని జవాబు కోసం వేసవి దాకా ఆగవలసి వచ్చింది. ఈ రోజు ఊట దగ్గర బకెట్టు నిండడానికి 57 సెకన్లు పట్టింది. ఊట ఇచ్చేది సెకనుకు 0.35 లీటర్లు, పైపు మోయగలది 0.91. కింద వాల్వు బార్లా తెరిచి ఉంచితే పైపు తనకు దొరికిన దానికంటే ఎక్కువ లాగుతుంది, తొట్టిలో మట్టం పైపు మూతి దాకా పడిపోతుంది, ఆ తర్వాత నీటితో పాటు గాలిని కూడా గుటకలు వేస్తుంది. ఆ గాలే మిట్టల దగ్గర చేరుతుంది. వానలు వచ్చి ఊట పెరిగినా అది అక్కడే ఉంటుంది. పెద్దాయన చెప్పిన "వేసవి పోయినప్పటి నుంచీ" అన్న మాటకు అర్థం ఇదే.

కనుక వేసవిలో వాల్వును బిగించాలి. దీనిని ఒప్పించడానికి గంటకు పైగా పట్టింది. "నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో వాల్వు కట్టమంటారేమిటి మాస్టారూ?" అని వాల్వు చూసే ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఊట ఇచ్చేదానికంటే ఒక్క చుక్క ఎక్కువ ఎలాగూ రాదని, బిగిస్తే రోజుకు 28,000 లీటర్లకు పైగా వస్తుందని, అది ఊరి అవసరానికి రెట్టింపని బకెట్టుతో, గడియారంతో ఆమె చేతనే కొలిపించాను. పైపులో రాపిడికి పోయేది ఇప్పుడు మూడు మీటర్ల లోపే. మిగిలిన 13 మీటర్ల పైచిలుకును వాల్వు దగ్గర మనమే కావాలని ఖర్చు పెడుతున్నాము. ఆ ఖర్చు వల్ల పైపు నిండుగా ఉంటుంది, గాలికి చోటు ఉండదు.

గేజి అద్దం మీద 1.3 దగ్గర ఎర్ర రంగుతో గీత పెట్టాము. ముల్లు గీతకు పైన నిలకడగా ఉంటే లైను నిండుగా ఉన్నట్టు. గీత కిందికి జారితే, లేదా వణికితే, వాల్వు కాస్త బిగించి, మిట్టల మీది బాల్ వాల్వులు ఒకసారి తెరిచి చూడాలి. సాయంత్రం అయిదు గంటలకు ఆమె వాల్వు సర్దినప్పుడు ముల్లు 1.35 దగ్గర నిలిచింది, బకెట్టు 60 సెకన్లలో నిండింది. పైన ఊట తొట్టి దగ్గరికి పంపిన కుర్రవాడు తిరిగి వచ్చి, పొర్లు గొట్టంలో నుంచి పెన్సిలంత ధార గెడ్డలోకి పడుతోందని చెప్పాడు.